సెన్సార్ తోటలో ఉంది, తాళం వాళ్ళ దగ్గరుంది

సంపాదకుల వారికి నమస్కారం.

తోటల్లో సెన్సార్లు పెట్టుకుని సెల్‌ఫోన్‌లో నేల తేమ చూసుకుంటున్న రైతుల గురించి మీ జిల్లా పేజీలో ఈ మధ్య ఫొటోలతో రాశారు. చదివి సంతోషపడ్డాను, కాస్త కడుపు మండింది కూడా, ఎందుకంటే ఆ ఫొటోలో ఉన్నలాంటి డబ్బానే మా చీనీ (బత్తాయి) తోటలో నలభై రోజుల పైన నోరు మూసుకుని కూర్చుంది. అది పలికేటప్పటి ముచ్చట అందరూ రాస్తారు. పలకనప్పుడు ఎవరిని అడగాలో, ఎక్కడ వెతకాలో మాత్రం ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా వేసుకోండి.

మాది గార్లదిన్నె మండలం. ఇల్లు ఊర్లో, చీనీ తోట ఊరికి కిలోమీటరు పైచిలుకు దూరం. తోటలో మూడు నోడ్లు, అంటే సెన్సార్ డబ్బాలు, పాతాం, ఒక్కోదానికి నేలలో రెండు లోతుల్లో తేమ చూసే పుల్లలు. వాటిలో సిమ్ ఉండదు. అరగంటకోసారి నిద్ర లేచి, రేడియోలో నాలుగు అంకెలు చెప్పి మళ్ళీ పడుకుంటాయి. ఆ మాటలు వినడానికి మా మిద్దె మీద గేట్‌వే ఉంది, సిమ్ ఉండేది దాంట్లో. గేట్‌వే విన్నది కంపెనీ సర్వర్‌కు పోతుంది, అక్కణ్ణుంచి నా ఫోన్‌కు వస్తుంది. అంటే సెన్సార్ నుంచి నా చేతికి రావడానికి మధ్యలో మూడు మజిలీలు. ఎక్కడ తెగినా ఫోన్‌లో కనిపించేది ఒక్కటే మాట, 'డేటా లేదు'. ఏ మజిలీలో తెగిందో మాత్రం ఆ యాప్ చచ్చినా చెప్పదు.

ఎండాకాలంలో ఒకసారి మూడూ ఒకేసారి ఆగిపోయాయి. అప్పుడు రెండు రోజులు తోటంతా తిరిగి చివరికి తెలుసుకున్నదేమిటంటే గేట్‌వేలో సిమ్‌కు 28 రోజుల రీచార్జ్ అయిపోయింది. అన్నీ ఒకేసారి ఆగితే తోటకు పోవద్దు, మిద్దె ఎక్కండి. కరెంటు, సిమ్, ఆ తర్వాతే మిగతావి.

అసలు కథ నవంబరు చివర్లో మొదలైంది. ఈసారి తోట దూరపు మూలలో ఉన్న మూడో నోడ్ ఒక్కటే ఆగింది. పూర్తిగా ఆగిందా అంటే అదీ కాదు, రెండు రోజులకొకసారి ఏ అర్ధరాత్రో ఒక రీడింగ్ వచ్చేది. సమయం చూస్తే మాకు ప్రాణం మీదికి వచ్చే సమయం. చీనీ రైతులకు చెప్పక్కర్లేదు, మిగతా పాఠకుల కోసం చెబుతున్నా, అంబే బహార్ అనే జనవరి-ఫిబ్రవరి పూత కోసం మేం డిసెంబరులో నీళ్ళు ఆపి చెట్టును కాస్త వాడిపోనిస్తాం. ఆ వాడడం చాలకపోతే పూత రాదు, ఎక్కువైతే ఆకు రాలి చెట్టే దెబ్బతింటుంది. మా నాయన ఆకు ముడత చూసి, పిడికిట్లో మన్ను నలిపి చెప్పగలడు. నాకు ఆ చెయ్యి రాలేదు, అందుకే సెన్సార్లు కొన్నాను. సరిగ్గా దాని అవసరం వచ్చిన నెలలో అది మాట మానేసింది.

అమ్మినవాళ్ళకు ఫోన్ చేశాను. వాళ్ళ పేరు రాయను, పేరు రాసి కొట్లాడే ఉద్దేశం లేదు. 'బ్యాటరీ పోయుంటుంది సార్, మార్చండి' అన్నారు. చూడకుండానే. మీటర్ పెడితే 3.6 వోల్టులు చూపిస్తోంది, బాగానే ఉంది కదయ్యా అంటే అయినా మార్చమన్నారు. ఇక్కడ వాళ్ళ మాటలో కొంత నిజం ఉందని తర్వాత తెలిసింది. ఈ నోడ్లలో వేసేది మామూలు సెల్లు కాదు, లిథియం థయోనైల్ క్లోరైడ్ సెల్లు. చాలా కాలం వాడకుండా ఉంటే లోపల లిథియం మీద ఒక పొర కడుతుంది, ఊరికే మీటర్ పెడితే 3.6 చూపిస్తుంది, నోడ్ రేడియోలో అరవబోయేసరికి వోల్టేజ్ పడిపోయి నోడ్ మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి మీటర్ చూసి బ్యాటరీ బాగుందని ఒట్టేయకూడదు. ఇంకొక మాట, చిన్న నోడ్లలో వేసే సెల్లు గోడ గడియారం సెల్లు సైజులోనే ఉంటుంది, గడియారం సెల్లు 1.5 వోల్టులు, ఇది 3.6. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే నోడ్ లేవదు, లేదంటే గడియారం కాలుతుంది. అనంతపురంలో నేను తిరిగిన నాలుగు షాపుల్లో దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించేసరికి వారం.

మార్చాను. ఏం మారలేదు.

అప్పుడు నోడ్‌ను పీక్కుని ఇంటికి తెచ్చి వాకిట్లో పెట్టా. పెట్టిన పది నిమిషాలకు ఫోన్‌లో రీడింగ్! తోటకు తీసుకుపోయి బిగించా, మళ్ళీ మూగ. రెండోసారి ఇంటికి తెచ్చా, పలికింది. మళ్ళీ తోటకు, మూగ. అత్తగారింట్లో మాట్లాడి పుట్టింట్లో మూతి ముడిచినట్టు. కంపెనీవాళ్ళకు ఇదంతా చెబితే, 'అయితే దూరం ఎక్కువ సార్, తోటలో ఇంకో గేట్‌వే వేసుకోండి' అని రేటు చెప్పారు. రేటు విని ఫోన్ పెట్టేశా. ఏడు నెలలు ఇదే దూరం నుంచి పలికిన నోడ్‌కు ఎనిమిదో నెలలో దూరం ఎట్లా పెరుగుతుంది, తోట ఏమైనా జరిగిందా అని అడిగితే జవాబు లేదు. అమ్మేటప్పుడు చూపించిన కాగితంలో 15 కిలోమీటర్లు అని ఉంది, అది అడ్డం ఏమీ లేని చోట మాట. నీళ్ళు నిండిన ఆకుల మధ్య నుంచి, మనిషి ఛాతీ ఎత్తులో ఉన్న ఏరియల్ (నోడ్ మీద సిగ్నల్ పంపే కొమ్ము) నుంచి పోవాలంటే అంత పోదని నాకూ తెలుసు, కానీ కిలోమీటరు చిల్లరకు ఇంకో గేట్‌వే అనడం న్యాయం కాదు.

నేను గట్టిగా అడిగాక 'నోడే పాడై ఉంటుంది' అని కొత్తది పంపారు, డబ్బులు తీసుకునే. ఆ కొత్తది మరీ వింత. అది తోటలోనూ పలకలేదు, ఇంట్లోనూ పలకలేదు, గేట్‌వే కింద మెట్ల మీద పెట్టినా పలకలేదు. లైట్ మాత్రం వెలుగుతుంది, ఆరుతుంది, వెలుగుతుంది. పిలుస్తోంది, జవాబు రావట్లేదు.

సంక్రాంతి సెలవులకు మా అక్క కొడుకు వచ్చాడు, ఇంజినీరింగ్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. వాడు మొదట చేసిన పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, సెన్సార్ వైపు చూడనే లేదు. మిద్దె ఎక్కి గేట్‌వే కింద అంటించిన స్టిక్కర్ చదివి, దాని మీద ఉన్న పాస్‌వర్డ్‌తో ల్యాప్‌టాప్‌లో గేట్‌వే సొంత పేజీ తెరిచాడు. గేట్‌వే చెవిన పడ్డ ప్రతి మాటా అక్కడ వరసగా పడుతోంది, ఎన్ని గంటలకు, ఎంత గట్టిగా, ఏ నోడ్ నుంచి. ఇది ఇన్ని నెలలుగా నా మిద్దె మీదే ఉంది, ఉందని ఒక్కరు చెప్పలేదు!

"మామా, యాప్‌ను నమ్మొద్దు. ముందు గేట్‌వేకు వినపడిందా లేదా అది చూడాల" అన్నాడు. మూడు రకాలుంటాయంట. గేట్‌వేకు అసలు వినపడకపోతే తప్పు గాలిలో, అంటే ఏరియల్, అడ్డం, ఫ్రీక్వెన్సీ. వినపడినా లోపలికి రానివ్వకపోతే తప్పు తాళంలో, అంటే నోడ్‌ను గుర్తుపట్టే రహస్య సంకేతంలో. రానిచ్చినట్టు పేజీలో కనపడినా నోడ్ ఇంకా పిలుస్తూనే ఉంటే జవాబు దానికి చేరట్లేదు, ఎందుకంటే నోడ్ పిలిచాక సరిగ్గా 5 సెకన్లకు ఒకసారి, 6 సెకన్లకు ఇంకోసారి మాత్రమే చెవి తెరుస్తుంది, నెట్ నెమ్మదిగా ఉండి జవాబు ఆలస్యమైతే తలుపు మూసేసుంటుంది.

పాత నోడ్ తీసుకుని ఇద్దరం తోటకు పోయాం. ఇక్కడ నేను సిగ్గు లేకుండా ఒక విషయం ఒప్పుకోవాలి. నోడ్ స్తంభానికి బిగించి, పక్కనే కింద పెట్టి ఉన్న రేకు డబ్బా తీసి దాని మీద బోర్లించాను. పాత నూనె డబ్బా, 15 కిలోలది, ఒక పక్క తుప్పు. వాడు నా వైపే చూస్తున్నాడు.

"ఇదేంది మామా?"

మా నాయన చెప్పాడు. "మంగుకు మందు కొట్టినప్పుడు దాని మింద పడకుండా కప్పినా రా. తర్వాత కోతులు ఆ కొమ్ము పీకుతాండాయని తీయలే."

మందు కొట్టింది నవంబరు చివర్లో. నోడ్ ఆగింది నవంబరు చివర్లో. నేను మూడుసార్లు ఆ డబ్బా నా చేత్తో తీసి పక్కన పెట్టి నోడ్ ఇంటికి తెచ్చాను, మూడుసార్లు నా చేత్తోనే మళ్ళీ కప్పి వచ్చాను. ఇంట్లో పలికింది డబ్బా లేదు కాబట్టి. రేకు రేడియోను అడ్డుకుంటుంది. కింద తెరిచి ఉన్నా ఆ సిగ్నల్ పోయేది నేలలోకి, పైగా ఏరియల్‌కు అంత దగ్గర్లో ఇనుము ఉంటే దాని శ్రుతే తప్పుతుంది. ఇల్లు పది అడుగుల్లో ఉంటే ఆ మిగిలిందైనా చాలేదేమో, కిలోమీటరు దాటాలంటే చాలదు. డబ్బా తీసి చూస్తే గేట్‌వే పేజీలో -113 డీబీఎం అని పడింది (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ గట్టి), శబ్దం, అంటే చుట్టూ ఉండే రేడియో రొద, కంటే 8 డెసిబెల్స్ తక్కువలో. శబ్దం కంటే తక్కువ ఉంటే ఎట్లా వినపడుతుంది అని అడిగా, ఈ లోరా అనే పద్ధతిలో నెమ్మదిగా సాగదీసి మాట్లాడితే శబ్దం కంటే 20 డెసిబెల్స్ కిందున్నా గేట్‌వే పట్టుకోగలదంట. డబ్బా కప్పి చూస్తే పదిసార్లలో ఒకసారి.

ఇంకో నష్టం కూడా ఉంది. జవాబు రాకపోతే నోడ్ తనంతట తానే ఇంకా సాగదీసి మాట్లాడడం మొదలుపెడుతుంది. దగ్గర్లో ఉన్నప్పుడు సెకనులో పదహారో వంతులో చెప్పే మాటకు దూరంలో సెకనున్నర పడుతుంది, అంతసేపూ బ్యాటరీ తినేస్తుంది. అంటే బ్యాటరీ వల్ల సిగ్నల్ పోలేదు, సిగ్నల్ పోవడం వల్ల బ్యాటరీ పోతోంది. కంపెనీవాళ్ళు తిరగేసి చెప్పారు.

సరే, ఇది మా ఇంటి తప్పు. కప్పింది మా నాయన, మళ్ళీ మళ్ళీ కప్పింది నేను. కొత్త నోడ్ సంగతి మాత్రం మా తప్పు కాదు.

దాన్ని వాకిట్లో ఒక ఇరవై అడుగుల దూరంలో పెట్టాడు. మరీ గేట్‌వే పక్కనే పెట్టి చూడొద్దంట, చెవిలో అరిస్తే మాట అర్థం కానట్టే. ఏరియల్ బిగించకుండా స్విచ్ వేయొద్దని కూడా చెప్పాడు, పోవాల్సిన పవర్ వెనక్కి తిరిగి రేడియో చిప్ కాలిపోవచ్చు. గేట్‌వే పేజీలో దీని నుంచి ఒక్క ముక్క కూడా పడలేదు. అప్పుడు వాడి బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ లాంటిది తీసి ల్యాప్‌టాప్‌కు గుచ్చాడు, ఏ ఫ్రీక్వెన్సీలో ఏం మాట్లాడుతున్నా గీతలుగా చూపిస్తుంది. లైట్ వెలిగినప్పుడల్లా గీత పడింది, 868.1 దగ్గర ఒకసారి, 868.3 దగ్గర ఒకసారి, 868.5 దగ్గర ఒకసారి. మా గేట్‌వే వినేది 865 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల. కడప స్టేషన్ మీడియం వేవ్‌లో వస్తుంటే ఎఫ్ఎం తిప్పుతూ కూర్చున్నట్టుంది మా గేట్‌వే పని.

ఆ 868.1, 868.3, 868.5 అనేవి యూరప్ వరస. మన దేశంలో ఇలాంటి చిన్న పరికరాలకు లైసెన్స్ లేకుండా వదిలింది 2005లో 865 నుంచి 867 వరకు, తర్వాత 868 దాకా పెంచారు. ఈ నోడ్ మాట్లాడుతున్న మూడూ ఆ గీత దాటి ఉన్నాయి. అంటే పనిచేయకపోవడం ఒక్కటే కాదు, మన దేశంలో ఆ వరసలో మాట్లాడడానికి అనుమతి కూడా లేదు. ఇండియా వరస మార్చకుండా పెట్టెలోంచి తీసి అట్లాగే పంపించారు. ఒక్క నిమిషం ఆన్ చేసి చూసుంటే వాళ్ళకే తెలిసేది.

ఫోన్ చేసి చెబితే మొదట నమ్మలేదు, ఫొటో పంపితే నమ్మారు. 'మేం ఇక్కణ్ణుంచి మారుస్తాం సార్' అన్నారు. ఎట్లా మారుస్తారు? అది గేట్‌వేతో మాట్లాడితే కదా మీ మాట దానికి చేరేది! చివరికి మావాడే కేబుల్ పెట్టి ఫ్రీక్వెన్సీ మార్చాడు, కానీ అట్లా మార్చాక తాళం కూడా మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది. ప్రతి నోడ్‌కూ 16 అక్షరాల సొంత నంబరు, 32 అక్షరాల తాళం ఉంటాయి. నంబరు డబ్బా మీద ఉంది. తాళం వాళ్ళ దగ్గరే ఉంది. రాసి పంపమంటే 'రాతలో ఇవ్వకూడదు, కంపెనీ రూల్' అని ఫోన్‌లో చదివారు.

ఆ తాళంలో ఉండేవి అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. ఫోన్‌లో బీ, సీ, డీ, ఈ అన్నీ ఒకటే మోత. అవతల బండ్ల హారన్లు, ఇవతల మా గేదె. ఎక్కించాం, ఆన్ చేశాం. ఈసారి గేట్‌వే పేజీలో నోడ్ పిలుపు స్పష్టంగా పడింది, -58 డీబీఎం, పక్కింటివాళ్ళు పిలిచినంత గట్టిగా. కానీ తిరిగి జవాబు పోలేదు. మావాడు నవ్వాడు, "గాలి బాగుంది మామా, తాళం తప్పు." మళ్ళీ ఫోన్. ఈసారి ఏ అంటే అనంతపురం, బీ అంటే బుక్కపట్నం, సీ అంటే చెన్నేకొత్తపల్లి, డీ అంటే ధర్మవరం అని చెప్పించాం. ఈ కి ఊరు దొరక్క ఎగ్ అన్నాం. పందొమ్మిదో అక్షరం బీ కాదు, డీ. సరిచేసి ఆన్ చేస్తే ఆరు సెకన్లలో లైట్ ఆరి వెలగడం మాని నిలకడగా వెలిగింది. నలభై రోజుల పైన పట్టిన పని, ఒక అక్షరం.

నేను అడిగేది పెద్ద విషయం కాదు. ట్రాక్టర్ కొంటే తాళంచెవి ఇస్తారు, రెండోది కూడా ఇస్తారు. డబ్బు పెట్టి కొన్న నోడ్ తాళం నాకెందుకివ్వరు? అది ఏటీఎం పిన్ లాంటిదే, అందరికీ చూపించొద్దు అంటే ఒప్పుకుంటాను, సీల్ వేసిన కవర్లో పెట్టి ఇవ్వండి, బీరువాలో పెట్టుకుంటాను. రేపు ఆ కంపెనీ మూతపడితే ఈ నోడ్లను ఇంకో సర్వర్‌కు మార్చుకోవాలన్నా తాళం కావాలి, అది లేకపోతే తోటలో మూడు స్తంభాలు మిగులుతాయి. ఇంకొకటి, ఆ గేట్‌వే పేజీలో పడే వరసను యాప్‌లోనే తెలుగులో చూపించండి. 'మూడో నోడ్ గేట్‌వేకు వినపడటం లేదు' అని ఒక్క వాక్యం ఉండుంటే నేను బ్యాటరీ కోసం అనంతపురం తిరిగేవాణ్ణి కాదు, ఆ వాక్యం రాయడానికి వాళ్ళకు సగం రోజు పని. డబ్బా మీద ఏ ఫ్రీక్వెన్సీ వరసో ముద్రించండి, కొనేటప్పుడు రైతు చదువుకుంటాడు. డ్రిప్పు లాగానే వీటికీ సబ్సిడీ ఇవ్వాలని అడుగుతున్నవాళ్ళు ఉన్నారు. ఇస్తే సంతోషమే, కానీ ఈ మూడూ లేని కంపెనీకి మాత్రం ఇవ్వొద్దని వ్యవసాయ, ఉద్యాన శాఖల అధికారులకు మీ పత్రిక ద్వారా చెప్పుకుంటున్నా.

ఇప్పుడు మూడు నోడ్లూ, కొత్తదీ కలిపి నాలుగూ పలుకుతున్నాయి. మిద్దె మీద గేట్‌వే ఏరియల్‌ను పది అడుగుల పైపు ఎక్కించాక మూడో నోడ్ సిగ్నల్ ఇంకొంచెం మెరుగైంది. నూనె డబ్బా బోరు దగ్గర కుక్కకు నీళ్ళు పోయడానికి పనికొస్తోంది. కోతులు మాత్రం మానలేదు, కొమ్ము మళ్ళీ వంచాయి, మా నాయన ఈసారి బక్కెట్ బోర్లిస్తానంటున్నాడు. ప్లాస్టిక్‌దేనా అని రెండుసార్లు అడిగి సరేనన్నాను.

ఇట్లు,
ఒక చీనీ రైతు,
గార్లదిన్నె మండలం, అనంతపురం జిల్లా